వల్లి పుట్టింటి కోసం హలసూరు దాకా

మా ఇలవేలుపు సుబ్రహ్మణ్యస్వామి. తాతగారు చిక్కపేటలో బట్టల అంగడి పెట్టిన నాటి నుంచీ ఏటా షష్ఠికి మా ఇంట్లో వల్లీ దేవసేనా కల్యాణం చేస్తున్నాం. ఇద్దరమ్మలకూ చీరలు పెడతాం, ఇద్దరి పేర్లూ ఒకే గుక్కలో పలుకుతాం. ఆ వల్లి ఎవరి బిడ్డ అని మాలో ఎవరూ ఏనాడూ అడగలేదు. అడగాల్సిన అవసరం మా తమ్ముడు నాగప్ప తెచ్చిపెట్టాడు. అంగడికి బుట్టలు తెచ్చే మునియన్ కూతురు పొన్నిని తప్ప ఇంకెవరినీ చేసుకోనని భీష్మించుకు కూర్చున్నాడు. వాళ్ళు తెల్లసోల్జర్లుండే దండు వైపు హలసూరులో ఉండే కురవలు, వెదురుబుట్టలు అల్లి బతికేవాళ్ళు. అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. "స్వామి చేసుకున్న వల్లి కురవపిల్ల కాదా?" అని నాలుగోనాడు వాడు నిలదీశాడు. "శాస్త్రంలో ఉండాదని పెద్దలతో చెప్పించు, నేనే హారతి పట్టి పిలుచుకుంటా," అంది అమ్మ. నాన్న పోయిన ఇంట్లో పెద్దకొడుకుని నేను. ఆ చెప్పించే పని నా నెత్తిన పడింది.

ఆదివారం పొద్దున ఏడింటికి బయలుదేరాను. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు. బస్సులు బొగ్గుపొగతో నడుస్తున్నాయి, నడవనప్పుడు మనమే తోయాలి. అందుకని బసవనగుడి దాకా జట్కా మాట్లాడుకున్నాను. నాలుగణాలు అడుగుతారు, మూడుకు వస్తారు. "ఇంత పొద్దున్నే ఏం పనప్పా?" అన్నాడు జట్కా సాయిబు. వల్లీదేవి పుట్టిల్లు కనుక్కునే పని అన్నాను. అతను పగలబడి నవ్వాడు. "పెండ్లికి ముందర గదప్పా పుట్టిల్లు విచారించేది? పెండ్లయి ఎన్ని యుగాలాయె!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

బసవనగుడిలో నేను వెళ్ళింది మా ఇంటి కల్యాణం చేయించే శాస్త్రిగారి దగ్గరికే. మా తమ్ముడి సంగతంతా విని, ఆయన అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు ఓపికగా చెప్పారు. "పాత సంస్కృత గ్రంథాల్లో స్వామికి దేవసేన ఒక్కతే భార్య నాయనా. ఇంద్రుడు పిలిచి ఇచ్చిన పిల్ల. వల్లి కథ మన దక్షిణాదిది. అయితే తర్వాత వచ్చిన సంస్కృత పురాణంలో ఆమె కూడా పూర్వజన్మలో విష్ణువు కూతురే. ఒక ముని చూపు సోకి లేడి కడుపున పుట్టింది. కురవలు పెంచారు, అంతే."

"మరి కల్యాణంలో ఎవరి కూతురని చెబుతారు?" అని అడిగాను.

"పెంచినవాడి పేరు చెప్పం. విష్ణువు కూతురనే చెబుతాం. మీరూ అట్లాగే కానివ్వండి. మీ కులంలో ఎవరైనా ఆ పిల్లను దత్తత తీసుకుని కన్యాదానం చేస్తే మీ అమ్మగారికి అభ్యంతరం ఉండదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. మా మేనమామ కాదనడు. ఇంత సులువైన దారి ఉండగా ఇన్నాళ్ళు ఏడ్చామే అనుకున్నాను. పక్క హోటల్లో రెండు ఇడ్లీలు తిని, కాఫీ తాగి, మునియన్‌కు ఈ మాట చెబుదామని మార్కెట్టు దగ్గర హలసూరు బస్సు ఎక్కాను. పది దాటాక బయలుదేరిన బస్సు రెండుచోట్ల ఆగి, దించి, తోయించుకుని పన్నెండుకు చేర్చింది.

ఆ రోజు అక్కడొక చిన్న గుళ్ళో వల్లి కల్యాణం. వాకిట్లో మునియన్ కనిపించాడు. ఉతికిన పంచె, నెత్తిన కొత్త బుట్ట. బుట్టలో కొర్రపిండి, తేనె, అడవిలో తవ్విన గడ్డలు. అతని వెనక పదిమంది కురవలు డప్పు కొడుతూ వచ్చారు. "సారె తెచ్చినామప్పా, వల్లి మా ఇంటి ఆడబిడ్డ గదా!" అన్నాడు నన్ను చూసి. ఇంట్లో మాట్లాడేది తమిళమే అయినా, మార్కెట్టులో తిరిగి తిరిగి అతనికి మన తెలుగు బాగా పట్టుబడింది. గడ్డలు తవ్విన గుంటలో పసిబిడ్డ దొరకడం, కురవరాజు తెచ్చి పెంచుకోవడం, కొర్రచేను కాస్తున్న పిల్ల కోసం స్వామి ముసలివాడి వేషంలో వచ్చి తేనె కలిపిన పిండి అడుక్కోవడం, ఏనుగును పంపి భయపెట్టడం, అన్నీ నిన్న వాళ్ళ వీధిలో జరిగినట్టు చెప్పాడు. పూర్వజన్మ మాట అతని నోట రాలేదు. ఇంతలో పూజారి గడప దగ్గరికి వచ్చి బుట్ట అందుకుని లోపలికి వెళ్ళాడు. ఆడపెళ్ళివాళ్ళందరూ ఎండలో బయటే నిలబడ్డారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! చూస్తున్న నాకు మండింది. నేను తెచ్చిన మాట కూడా అలాంటిదేనని మాత్రం ఆ క్షణాన తోచలేదు.

కల్యాణమయ్యాక మునియన్ నన్ను తన గుడిసెకు తీసుకువెళ్ళాడు. చాప మీద కూర్చుని, శుభవార్త చెబుతున్నవాడిలా మొత్తం చెప్పాను. మా మామ దత్తత తీసుకుంటాడు, పీటల మీద ఆయనే కూర్చుంటాడు, ఆయన పేరే చెబుతారు. మునియన్ వెదురుబద్ద తీసుకుని గీయడం మొదలుపెట్టాడు. "బిడ్డ సుఖంగా ఉంటాదంటే నా పేరు ఎందుకులేప్పా," అన్నాడు తలెత్తకుండా.

తలుపు వెనక నుంచి పొన్ని బయటికి వచ్చింది. "మా నాయన బతికుండంగా ఇంకొకాయన నన్ను దానమిచ్చేదేంది? మీ తమ్మునికి చెప్పండి, నేను రాను." నా ముందు మజ్జిగ చెంబు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చెంబు అక్కడే వదిలి లేచి వచ్చేశాను.

ఆరింటికి ఇల్లు చేరాను. జరిగింది విని అమ్మ, "స్వామే తప్పించినాడు," అని ఆ పూట కడుపునిండా తిన్నది. నాగప్ప నన్నే చూస్తూ, "ఆ మాట నువ్వే అన్నావాన్నా?" అని అడిగాడు. నేనే అన్నాను. "నన్ను పిలుచుకుపోయుంటే మీ దత్తతా వద్దు, మీ పీటలూ వద్దని అక్కడే ఉండిపోతా ఉంటి గదా!" అన్నాడు. తెల్లారగానే హలసూరు పరుగెత్తాడు. గుడిసె ఖాళీ. హోసూరు వైపు పోయారని ఒకరు, సేలం అని ఇంకొకరు అన్నారట. ఇప్పటికీ ఆదివారమైతే వాడు ఏదో ఒక ఊరి సంతకు పోయి బుట్టలు అమ్మేవాళ్ళను విచారించి వస్తాడు. నాతో మాట్లాడడు.

వల్లి ఎక్కడిది అని వెళ్ళినవాడిని కాబట్టి తెలిసింది చెబుతాను. సంస్కృతం ఆమెకు గొప్పింటి తండ్రిని వెతికిపెట్టింది. తమిళం ఉన్న తండ్రినే ఉంచింది. ఒకే రోజు రెండూ విన్నాను, నాకు మొదటిదే నచ్చింది. ఎందుకంటే అందులో మేము మారాల్సింది ఏమీ లేదు. సిగ్గుగా ఉంది, ఇంకేం చెప్పను.

మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సలహా. హలసూరుకు బస్సును నమ్ముకోకండి, జట్కాలో పొండి. ఎవరి బతుకు గురించి అడగబోతున్నారో ఆ మనిషిని వెంట తీసుకువెళ్ళండి. జట్కాలో నా పక్కన చోటు ఉండింది.