ఆడపడుచు దగ్గర పుచ్చుకోనన్న మనిషి

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది. జంషెడ్‌పూర్‌లో ఓ ఆసుపత్రి, రక్తం జబ్బుల వార్డు. నేనక్కడ నర్సుని. మావాళ్ళు శ్రీకాకుళం నుంచి ఉక్కు పనికి వచ్చినవాళ్ళే. అందుకని తెలుగు రోగి ఎవరొచ్చినా నా నెత్తినే వేసేవారు. సూర్నారాయణ మావయ్య అలాగే నా దగ్గరికొచ్చాడు.

మా ఊళ్ళోనే సిద్ధగోరా పేట మనిషి. కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అరవై దాటాయి. జబ్బు అక్యూట్ ల్యుకేమియా. అంటే ఎముకల మూలుగలో పిచ్చికణాలు పుట్టి మంచి రక్తాన్ని ఊరనివ్వవు. "ఈ వయసులో ఇంకేం వైద్యం" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇదివరకు పెద్దవాళ్ళకి స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్, అంటే ఇంకొకరి నుంచి రక్తం ఊరించే కణాలు తీసి ఎక్కించడం, వద్దనేవారు. ఇప్పుడు మందుల మోతాదు తగ్గించి, తట్టుకోగలిగినవాళ్ళకి చేస్తున్నారు. కాకపోతే కీమోతో జబ్బు అణిగి ఉన్నప్పుడే చెయ్యాలి. దాన్నే రెమిషన్ అంటాం. పెద్దవాళ్ళలో అది ఎక్కువకాలం నిలవదు.

మావయ్యకి జబ్బు అణిగింది. ఊళ్ళోనే భాలుబాసా పేటలో ఉన్న చెల్లెలు కాంతమ్మ కణాలు పూర్తిగా కలిశాయి. కోల్‌కతాలో చేస్తామన్నారు. సంబరంగా వెళ్ళి చెబితే ఆయన మొహం తిప్పుకున్నాడు.

"ఆడపడుసుకి సారె పెట్టాల గానీ, దాని ఒంట్లోది పుచ్చుకుంటానేటమ్మా? నావల్ల కాదు."

"రక్తం ఇచ్చినట్టే మావయ్యా. నాలుగు సూదులేసి, చేతి నరంలోంచి మెషిన్‌తో తీస్తారు. ఆమెకి మళ్ళీ ఊరిపోతాయి."

"తమ్ముడున్నాడు కదా. ఆడిది తియ్యండి."

తమ్ముడిది కలవలేదు. కొడుకుది సగమే కలిసింది. పూర్తిగా కలిసిన మనిషి ఇస్తానంటుంటే అటెందుకన్నారు డాక్టరుగారు. కొడుకు "బాబా, మాన్ జావో నా" అని, ఒప్పుకో నాన్నా అని హిందీలో బతిమాలేవాడు. కాంతమ్మ రోజూ వచ్చి తిట్టేది.

"పెళ్ళయిపోతే నాను నీ సెల్లెల్ని కాకుండా పోనానా? నువ్వు సచ్చిపోతే నాకు సారె ఎవడెడతాడు?"

ఆయన విననే వినడు. నాకెంత కోపం వచ్చేదో! పాడు మొండితనం. అందులో ఉన్నది చెల్లెలి మీద ప్రేమే, దాన్ని పట్టుకుని నేనేం చేసుకోను?

వారాలు గడిచాక, చెల్లెలి పోరు పడలేక చివరికి సరే అన్నాడు. కోల్‌కతా బయల్దేరేముందు చేసిన పరీక్షలో పిచ్చికణాలు మళ్ళీ కనబడ్డాయి. ఇంకోసారి కీమో ఇస్తే అణగలేదు సరికదా, ఊపిరితిత్తులకి ఇన్‌ఫెక్షన్ పట్టుకుంది. ఇక ట్రాన్స్‌ప్లాంట్ మాట ఎత్తొద్దని డాక్టరుగారు నాతో అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"కాంతాన్ని ఇమ్మను తల్లీ. పుచ్చుకుంటాను. నాకు బతకాలనుంది."

కాంతమ్మ పక్కనే ఉంది. వెంటనే చెయ్యి చాచింది. "తియ్యమ్మా. నాది పాడవనేదు కదా?"

"లేదమ్మా, నీది బాగానే ఉంది" అన్నాను. ఆ వారంలోనే పోయాడు.

అప్పట్నుంచి దాతల పరీక్షలకి ముందే రోగిని అడుగుతాను, ఎవరి దగ్గర పుచ్చుకోనంటావు అని. ఆ పేచీ మొదటిరోజే తేలాలి. లేకపోతే మనం బతిమాలుకుంటూ కూర్చుంటాం, జబ్బు కూర్చోదు. మావయ్య నేర్పిపోయింది ఇదే. నేర్చుకుని ఏం లాభం, ఆయనకి పనికిరాలేదు.

భాలుబాసా వైపు వెళ్తే కాంతమ్మ ఇప్పటికీ ఆపి అడుగుతుంది: "నాను ఇంకాస్త గట్టిగా దెబ్బలాడుంటే బతికీవోడేటమ్మా?"