యాడ పూడ్చినారు?

గర్భసంచి లోపలి పొర బయట కూడా పెరుగుతోందని, ఆదోనిలో డాక్టరమ్మ ఆపరేషన్ చేసి నా గర్భసంచి తీసేసింది. కుట్లు మానాయి. అయినా నెలనెలా ముట్టు రావాల్సిన రోజులకు ఆ పాత నొప్పి లేచి వచ్చేది. లేనిచోట నొప్పేమిటని ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

అట్లాంటి ఒక రోజున ఎమ్మిగనూరు బస్సులో పొత్తికడుపు పట్టుకుని కూర్చున్నాను. పక్కసీటులోని అవ్వ నా చేతివంకే చూస్తోంది.

"తీసేసినారా?"

"ఊఁ. నీకెట్ల తెలుసవ్వా?"

"యాడ పూడ్చినారు?"

కాన్పయితే బిడ్డ వెంట వచ్చిన మాయను మేము పెరట్లో పూడుస్తాం. నా కూతురి మాయను మా అమ్మే పూడ్చింది. గర్భసంచి సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఆస్పత్రోళ్ళు పరీక్షకని తీసకపోయినారు."

"అట్లయితే అది నీకోసం తిరుగుతాంటాది తల్లీ. నొప్పికి కాపడం పెట్టుకున్న గుడ్డ ఉంటాది గదా, దాన్ని మాయ పక్కన పూడ్చు. దారి తెలుస్తాది."

"మరి నీదో?"

"నాదీ ఆదోనిలోనే పోయె. నాకెవురూ సెప్పల్యా. అందుకే నేనే తిరుగుతాండా" అని నవ్వింది.

ఎమ్మిగనూరులో అందరం దిగాం. ఆమె దిగలేదు. ఆమెను కూర్చోబెట్టుకునే బస్సు ఆదోనికి మళ్ళింది.

గుడ్డ పూడ్చాను. నొప్పి మళ్ళీ రాలేదు. మందులు పనిచేశాయంటుంది డాక్టరమ్మ. కావచ్చు. ఇప్పుడు ఆ బస్సెక్కితే, పక్కసీటు ఖాళీగా ఉన్నా నా బుట్ట ఒళ్ళోనే పెట్టుకుంటాను.