వచ్చే ఏడు మా ఇంట్లో

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. స్పానిష్ వస్తే బెంగళూరులో ఉద్యోగం దొరుకుతుందని ఎవరో చెబితే ఫోన్లో క్లాసులు వినేదాన్ని. కడపలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. అమ్మ జాకెట్లు కుట్టేది, నాయన లారీ తోలేవాడు.

ఆ రోజు పాఠం ‘అబ్రా’ అనే మాట. ముందు ముందు ఏదైనా ఉంటుందని చెప్పడానికి వాడతారు. మనకైతే ఉంటాడు, ఉంటుంది, ఉంటారు, ఉంటాయి. వాళ్లకు ఆడైనా మగైనా, ఒకటైనా పదైనా అబ్రాయే. వచ్చే ఏడు మీ ఇంట్లో ఏమేం ఉంటాయో ఐదు వాక్యాలు రాయమంది టీచరు.

ఫ్రిజ్, కూలర్, కొత్త కుట్టుమిషను, మిద్దె మీద పూలకుండీలు. ఐదోది తోచక, పక్కనే కాజాలు కుడుతున్న అమ్మను అడిగాను.

అమ్మ తలెత్తలేదు. “పాపో, పిల్లోడో ఉంటారు” అంది.

ఎవరి పిల్లోడని అడిగాను.

“నా బిడ్డేమ్మా. నాకు నాలుగో నెల. నీకెట్ల చెప్పాల్నో తెలీలే.”

అమ్మకు నలభై రెండేళ్లు. నాకు సంబంధాలు చూస్తున్నారు. ఈ వయసులో సిగ్గు లేదా అనేశాను. అమ్మ సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

“తీపిచ్చుకుందామని మొన్న ఆస్పత్రి కాడికి పోయినా. లోపలికి పోలేకపోతి.”

మొన్న అమ్మ బయటికెళ్లడం నాకు గుర్తుంది. ఏదో చెబుతుంటే, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, సరేనని చెయ్యి ఊపాను. తను చెప్పబోయింది ఇదే కాబోలు. అమ్మ మళ్లీ కాజాలు అందుకుంది.

ఐదో వాక్యం అదే రాశాను. ఆడో మగో తెలియని బిడ్డకు అబ్రా చక్కగా సరిపోయింది. మర్నాడు టీచరు నాకే బిడ్డ పుట్టబోతోందనుకుని అభినందనలు చెప్పింది. కాదనకుండా థాంక్స్ చెప్పాను.

ఆస్పత్రిలో తర్వాతి పరీక్షకు అమ్మతో నేనే వెళ్లాను. నర్సు నన్ను బరువు చూసుకోమంది. నాకు కాదు, మా అమ్మకని చెప్పాను. వరసలో కూర్చున్నవాళ్లంతా తిరిగి చూశారు. అమ్మ తల వంచుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లేపాను.

చెల్లెలు పుట్టిన రోజు నాయన లోడుతో ఎక్కడో దారిలో ఉన్నాడు. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. మనిషి అంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు. గోడకు ఆనుకుని, రెండు చేతులతో పొదివి పట్టుకున్నాను.