భోజనాల బల్ల మీద ఇమ్మిగ్రేషన్

"ఈ దోహా దాటి ఇంకో దేశం చూడలేదు కదా, ప్రయాణాల ఇంగ్లీషు మీరేం నేర్పుతారండీ ఆ కోచ్‌ల ఆడవాళ్ళకి?"

అడిగింది పై అంతస్తులో ఉండే ఇంద్రజ. కాకినాడ ఆవిడ. భర్త రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు, ఏటా వేసవిలో ఇద్దరూ యూరప్‌లో ఏదో ఒక మూల తిరిగొస్తారు. అడిగించుకున్నది మెహర్ సుల్తానా. బోధన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి, పెళ్ళయ్యాక భర్త బాసిత్ వెంట అల్ దోహా అల్ జదీదాలోని ఈ ఫ్లాటుకి వచ్చింది.

"హైదరాబాద్ ఎయిర్‌పోర్టు చూసిన, దోహా ఎయిర్‌పోర్టు చూసిన. మూడోది ఏమన్న ఆకాశంల కట్టిండ్రా మేడమ్?" అంది మెహర్.

గల్ఫ్ అనగానే గొంతు గద్గదం చేసుకోవడం మనకో అలవాటు. మెహర్‌కి అంత తీరిక లేదు. పాఠాలు ఆమెను వెతుక్కుంటూ వచ్చిన తీరు మాత్రం చిత్రమైనది. బాసిత్ ఒక ప్రైవేటు క్రీడా అకాడమీలో స్టోర్ కీపరు. అక్కడి కోచ్‌లలో బ్రెజిల్ వాళ్ళు, కొలంబియా వాళ్ళు ఉన్నారు. ఇంగ్లీషు రాని తమ ఆడవాళ్ళు ఒంటరిగా విమానం ఎక్కలేకపోతున్నారని ఒక కోచ్ వాపోతే, "మా ఇంట్లోనే టీచరుంది, ఫీజు ఫులూస్ కూడా తక్కువే" అనేశాడు బాసిత్.

"ఏం జీ, తక్కువని నువ్వెట్ల చెప్తవ్?" అని మెహర్ ముందు దాని మీదే తగువు పెట్టుకుంది.

వచ్చినవాళ్ళలో సగం మందిది పోర్చుగీసు, సగం మందిది స్పానిష్. ఒకరి మాట ఒకరికి సగం అర్థమయ్యేది, మిగతా సగం కోసం కొట్లాడుకునేవారు. మెహర్‌కి రెండూ రావు. కానీ మొదటి రోజే ఒక వింత ఎదురైంది. కొలంబియా ఆవిడ "ఎస్టేషన్" అంది, బ్రెజిల్ నుంచి వచ్చిన లూసిమారా "ఇస్కూల్" అంది. మెహర్ చేతిలో మార్కరు ఆగిపోయింది. బోధన్‌లో ఆమె అమ్మమ్మ, నానీ, ఇప్పటికీ ఇస్కూలు, ఇస్టేషను అనే అంటుంది. భూగోళానికి ఆ చివర కూడా "స్" ముందు అదే అడ్డు, అదే చోట! చిన్నప్పుడు తన నాలుకను సరిచేసుకున్న ఉపాయమే వాళ్ళకీ చెప్పింది: ముందు పాములా బుస కొట్టాలి, ఆ తర్వాతే మాట అనాలి. ఇంద్రజ గబగబా కిందికి దిగొచ్చింది.

"ఏంటండీ ఆ శబ్దం, గ్యాస్ లీకవుతోందేమోనని ప్రాణం పోయింది!"

గేటు ఎక్కడ, నా బ్యాగు రాలేదు, విమానం తప్పిపోయింది ఏం చెయ్యాలి. ఇలాంటి వాక్యాలు తొందరగానే వచ్చేశాయి. మెహర్ దృష్టిలో అసలు పాఠం వేరే. భోజనాల బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకుని ఇమ్మిగ్రేషన్ ఆఫీసరులా కూర్చునేది. అడిగినదానికి ఒక్క ముక్కే జవాబు. నవ్వకూడదు. వాళ్ళు అడిగేలోగానే కాగితాల ఫైలు ముందుకు తొయ్యాలి. ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు. నిజామాబాద్ వైపు గల్ఫ్‌కి మనిషిని పంపే ఇళ్ళలో ఏజెంటు నూరిపోసే మాటలు. బాసిత్‌కీ నూరిపోశాడు, అంతకు ముందు బాసిత్ తండ్రికీ ఎవరో నూరిపోశారు. లోకమంతా ఇలాగే కౌంటర్ల ముందు నిలబడుతుందని మెహర్ నమ్మకం.

లూసిమారాతో మాత్రం ఆమెకు పెద్ద తంటా. రెండు చేతులూ తిప్పకుండా, మధ్యలో పకపకా నవ్వకుండా ఆ మనిషి ఒక్క వాక్యం చెప్పలేకపోయేది. కానీ ఆమెకే అందరికంటే తొందర. డబ్లిన్‌లో ఉన్న చెల్లెలికి కాన్పు దగ్గర పడింది. ఆపరేషన్ తప్పదన్నారు, పక్కన మరో మనిషి లేదు. భర్తకి సెలవు దొరకలేదు. ఒంటరిగా వెళ్ళాలి, అదే మొదటిసారి. మెహర్ దగ్గరుండి ఫైలు తయారు చేయించింది: భర్త జీతం కాగితం, పెళ్ళి సర్టిఫికెట్, ఇంటి అద్దె ఒప్పందం, పిల్లాడి స్కూలు ఫీజు రసీదులు.

"ఇంత ఫైలా! ఆవిడ పురిటికి వెళ్తోందా, బ్యాంకు లోనుకి వెళ్తోందా?" అంది ఇంద్రజ.

"మీ పాస్‌పోర్టుల ముద్రలు చూసి మీకు సలాం కొడ్తరు మేడమ్. మాసొంటోళ్ళకు ఫైలే దిక్కు."

డబ్లిన్‌లో దిగిన లూసిమారా మంచి విద్యార్థిని అనిపించుకుంది. ఎందుకొచ్చారంటే "సిస్టర్" అంది. ఎన్నాళ్ళుంటారంటే ఫైలు తోసింది. ఇవి నేను అడగలేదే, ఎవరిమ్మన్నారని ఆఫీసరు అంటే "టీచర్" అంది. ఏం టీచరని అడిగితే, నవ్వకుండా, నిటారుగా, మౌనంగా నిలబడింది. పక్క గదిలో కూర్చోబెట్టారు. తిరుగు విమానం ఎక్కించేసే మాట కూడా వచ్చింది. ఫైలు అట్ట మీద టీచరు ఫోను నంబరుంది.

మెహర్ ఫోను మోగినప్పుడు కరివేపాకు కోసం వచ్చిన ఇంద్రజ వంటింట్లోనే ఉంది. అవతల ఆఫీసరు మర్యాదగానే అడిగాడు: ఈ ప్రయాణికురాలిని పంపిన ఏజెంటు మీరేనా?

"నో సర్," అంది మెహర్. ఆగిపోయింది. అడిగినదానికి ఒక్క ముక్క. అవతల ఆఫీసరు ఇంకా ఎదురు చూస్తున్నాడు. తన గొంతు అచ్చం తమ ఊరి ఏజెంటు గొంతులా వినిపించింది ఆమెకి.

"ఆగిపోయారేంటండీ, మాట్లాడండి!" అని ఇంద్రజ మోచేత్తో పొడిచింది.

అప్పుడు మెహర్ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నేను ఏజెంటును కాను, టీచరును. మాట్లాడకుండా నిలబడమని నేనే నేర్పాను. ఆమె అలాంటి మనిషి కాదు. ఫోను ఒక్కసారి ఆమెకు వినిపించండి.

స్పీకర్ పెట్టారు. "లూసీ, ఆ ఫైలు మూసెయ్. ఇక్కడ క్లాసు లేదు. నా వంటింట్లో మీ చెల్లెలి సంగతి ఎలా చెప్పావో అలాగే చెప్పు."

ఫైలు టప్పున మూసుకుంది. తర్వాత వరద.

"నా చెల్లెలు, పొట్ట ఇంత! మనిషి లేదు. రేపు డాక్టరు కోస్తాడు, నేను చెయ్యి పట్టుకుంటాను. బేబీ వస్తుంది, నేను ఏడుస్తాను. తర్వాత దోహా పోతాను. నా ఇల్లు దోహా, నా పిల్లాడు దోహా. నా మొగుడు, సర్, గుడ్డు కూడా ఉడకబెట్టలేడు!"

ఆఫీసరు నవ్వడం ఫోనులో వినిపించింది. ఆ తర్వాత ముద్ర పడిన చప్పుడు వినిపించిందని ఇంద్రజ అంటుంది. మెహర్ మాత్రం అదంతా ఏమీ లేదంటుంది. ఆపరేషన్ వేళకి లూసిమారా ఆసుపత్రిలోనే ఉంది. ఆడపిల్ల.

మెహర్ కుంగిపోలేదు. ఎక్కడెక్కడ ఏమేం అడుగుతారో, ఎవరు నవ్వుతారో, ఎవరు నవ్వరో ఇంద్రజను కూర్చోబెట్టి ఆరా తీసింది. ఇప్పుడు బల్ల వెనక ఆఫీసరు ఇంద్రజే. విద్యార్థులు వాళ్ళకి తోచినంత మాట్లాడతారు, మెహర్ మధ్యలో ఆపదు.

లూసిమారా తిరిగొచ్చాక ఫీజు దగ్గర పేచీ వచ్చింది.

"వాక్యాలకి ఇస్తాను టీచర్, ఫైలుకి ఇవ్వను" అంది.

"తప్పు నాదే. ఫీజు కూడా నాదే" అంది మెహర్.

నెలకి రెండు వందల రియాళ్ళు. లూసిమారా వంద ఇచ్చింది. మిగతా వంద ఇంకా రావాలి.