అద్దంలో కోడి, గంపలో కోడి

అనకాపల్లి నుంచి అద్దం పగలకుండా తెచ్చిన దొరలకాలపు అచ్చుబొమ్మను ఒళ్లో పెట్టుకుని సుచిత్ర చౌరస్తాలో మేడ్చల్ బస్సెక్కాను. బొమ్మలో మెడ మీద ఈకల్లేని కోడి. అరుదైన జాతి అని కింద ఎవరో దొర ఇంగ్లిషులో రాశాడు. మేడ్చల్‌లోని మిత్రుడి గోడకు ఆ భాగ్యం కలిగించాలని నా తాపత్రయం.

పక్క సీట్లోని అవ్వ తొంగిచూసింది. "గీ కోడికి అద్దమెందుకు బిడ్డా?"

"చాలా అరుదైన జాతి అవ్వా," అన్నాను, ఆమె అజ్ఞానాన్ని క్షమిస్తూ.

ఆమె తన గంప మీది గుడ్డ తీసింది. నా అరుదైన జాతి మెడ చాచి నన్నే చూసింది.

"ఇంటికి సుట్టమొస్తే ముందుగాల గిసొంటిదాన్నే కోస్తం. బొచ్చు పీకే పని తక్కువ. గందుకే మీ దిక్కు కరువైనయేమో."

బొమ్మ కింద దొర పది వరుసలు రాశాడు. ఈ ఒక్క ముక్క రాయలేదు.