మొసలి చేతి గడియారం

ఇస్త్రీ అక్క ఎడమ దవడలో చిన్న గాజుపెంకు ఒకటి ఇంకా ఉంది. అద్దంలో కనిపించదు. వేలితో తడిమితే తగులుతుంది, చలిగాలికి చర్మం కింద నక్షత్రంలా గుచ్చుకుంటుంది. అది ఒక గడియారం అద్దంలోది. పెళ్ళయిన కొత్తల్లో మొగుడు కొట్టిన దెబ్బకి పగిలిన మొదటి అద్దం.

మొగుణ్ణి అందరూ మొసలి అనేవాళ్ళు. రేవులో ఆగిన ఓడల అడుగుకి దిగి, అక్కడ పట్టిన నాచూ గుల్లలూ గీకే డైవర్. నీటి కింద మాటా పలుకూ లేకుండా పనిచేసి, ఆ మూగతనాన్నంతా చేతిలోకి తెచ్చుకుని ఇల్లు చేరేవాడు. ఆ కుడి చేతికి పాతకాలపు డైవింగ్ గడియారం. నల్ల డయలు, చీకట్లో పచ్చగా వెలిగే ముళ్ళు, చుట్టూ తిప్పుకునే పళ్ళ రింగు. కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి ఊగుతుంటే తనకు తానే కీ ఇచ్చుకుంటుంది. "నేను కదిలినంతకాలం ఇదీ కదుల్తుందే" అని మురిసిపోయేవాడు. ఆ కదలికల్లో ఆమెను కొట్టినవీ ఉన్నాయి. గడియారానికి తేడా తెలీదు. దానికి ఏ ఊపైనా ఒకటే.

కొట్టిన మర్నాడు ఆమె ముఖం వంక చూసేవాడు కాదు. గడియారాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, జ్వరమొచ్చిన పసిబిడ్డను ఎత్తుకెళ్ళినట్టు, బాగుచేసే గడియారాల అన్న దగ్గరికి పట్టుకెళ్ళేవాడు. ఆమె దవడకు గుడ్డ కట్టుకుని, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసి, వీధిలో అందరి చొక్కాల ముడతలూ తీసేది.

"మెట్ల మీంచి పడ్డావా అక్కా?" అని అడిగేవాళ్ళు.

"మా ఇంటికి మెట్లెక్కడివి" అనేది. నవ్వాలో వద్దో తెలీక, చొక్కాలు పట్టుకుని పోయేవాళ్ళు.

ఒకరోజు నీటి కింద మొసలి గాలి గొట్టం మెలిపడింది. శవం రెండు రోజులకు గానీ తేలలేదు. ఒడ్డుకి లాగినవాళ్ళు ముందు ఆ చేతిని చూసి భయపడ్డారు. గడియారం నడుస్తోంది. చచ్చిన చేతిని అలలు ఊపుతూనే ఉన్నాయి, అది కీ ఇచ్చుకుంటూనే ఉంది. విప్పి ఆమె అరచేతిలో పెట్టారు. చల్లగా, తడిగా, లోపల టిక్కుటిక్కుమంటూ. ఆమె ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఆమెకే తెలీదు.

బట్టల పెట్టె అడుగున పడేస్తే రెండు రోజులకు ఆగిపోయింది. ఇంట్లో అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. చెవులు కొత్తగా మొలిచినట్టు అనిపించింది.

పక్క గదిలో మరిదీ, తోటికోడలూ ఉంటారు. మరిదికి అన్న భుజాలే, అన్న నడకే. ఆమె ఇస్త్రీ పనిలో ఉన్నప్పుడు పెట్టె వెతికి గడియారం తీశాడు, రెండుసార్లు ఊపాడు, చేతికి కట్టుకున్నాడు. "అన్నది కదా వదినా, ఇంకెవరికి దక్కాలి?" అన్నాడు.

వారం తిరక్కుండానే తోటికోడలు నుదుటి మీద దెబ్బతో కనిపించింది.

"వంటగట్టు తగిలిందక్కా."

ఇస్త్రీ అక్క ఆ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. సగం చందమామలా వంగిన గాయం. దాని అంచున వరసగా సన్నటి పళ్ళ గుర్తులు.

"వంటగట్టుకి పళ్ళుండవే" అంది.

మరిది స్నానానికి పోగానే గూట్లోంచి గడియారం తీసి కొంగున ముడేసుకుని, గడియారాల అన్న దగ్గరికి పోతున్నానని ఆ పిల్లకు చెప్పింది. అది ఇక ఈ ఇంట్లో ఏ చేతికీ ఎక్కకూడదు. ఆమెకు కావలసింది అంతే.

గడియారాల అన్న దుకాణం బీరువా అంత ఉంటుంది. బల్ల అంచుకి సామాను బిగించి పట్టే ఇనప వైసు, గోడ నిండా తలోమాట చెప్పే గడియారాలు. అమ్మేస్తానని ఆమె గడియారం బల్ల మీద పెట్టగానే గుర్తుపట్టాడు. వెనక మూత విప్పి కంటికి భూతద్దం పెట్టుకున్నాడు.

"అమ్ముతానంటే మంచిదేనమ్మా. కానీ మార్చినవన్నీ కొనేవాడికి చెప్పి అమ్మాలి. అద్దం చాలాసార్లు మార్చాను."

"మొదటిది ఇక్కడుంది" అని దవడ చూపించింది.

ఆయన భూతద్దం తీశాడు. "రింగు కూడా కొత్తదే."

"పాతది తలుపుకి తగిలి పోయింది. నేను తల తప్పించాను."

"ముళ్ళు, పక్కన కీ బుడిపె..."

"బుడిపె నా పంటికి తగిలి వంగింది. పన్ను కూడా పోయింది. బుడిపె ఒక్కటే కొత్తది వచ్చింది."

ఆయన చాలాసేపు గడియారాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తుడవడానికి అక్కడేమీ లేదు. "ఓడకి కొట్టుకుందని చెప్పేవాడమ్మా."

"ఆ ఓడ నేనే అన్నా."

ఆయన విప్పిన గడియారంలోకి మళ్ళీ చూసి, "పైవన్నీ మారాయి. లోపలి మిషను మాత్రం అసలుదే" అన్నాడు.

"ఆయనా అంతే. ఎన్ని మార్చినా లోపలిది మారలేదు. అన్నా, దీన్ని ముక్కలుగా విడదీసి అమ్మెయ్. మళ్ళీ చేతికి కట్టే వస్తువుగా ఉండకూడదు."

"మొత్తంగా అయితే విలువ. నడిచే గడియారాన్ని ఊడదియ్యడానికి నాకు చేతులు రావమ్మా" అంటూ మూత బిగించేశాడు.

అప్పుడే గుమ్మంలో వెలుతురు మూసుకుపోయింది. మరిది. వాడి వెనక తోటికోడలు, పెదవి చిట్లి, కొంగంతా నెత్తురు. వదిన ఎక్కడికి పోయిందో ఆ నోటితోనే చెప్పించాడు.

"దొంగతనం కూడా నేర్చావా వదినా" అన్నాడు, మామూలు గొంతుతో. బల్ల మీది గడియారం తీసి కుడి చేతికి బిగించుకున్నాడు. ఆపబోయిన గడియారాల అన్నను ఛాతీ మీద తన్నాడు. ఆయన గోడకి తగిలాడు, గడియారాలు ఆయన మీద వడగళ్ళలా రాలాయి. మరిది ఎడమ చేత్తో ఆమె జుట్టు చుట్టి పట్టుకుని, తలను బల్లకేసి కొట్టాడు. నోట్లోకి ఉప్పగా నెత్తురొచ్చింది. చిన్న చిన్న మరలూ ముళ్ళూ చెంపకు అంటుకున్నాయి. మళ్ళీ కొట్టాడు. కనుబొమ చీలి ఒక కన్ను ఎర్రగా మూసుకుపోయింది.

రెండో కంటితో ఆమె వాడి భుజం చూసింది. కుడి భుజం కిందికి దిగింది. ముక్కుతో ఊపిరి లోపలికి లాగాడు. చెయ్యి వెనక్కి పోయింది.

ఆ తర్వాత ఏమొస్తుందో ఆమె ఒంటికి తెలుసు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే దెబ్బ, వెనక చేత్తో, గడియారం ముందుగా తగిలేలా. కుచ్చెడు జుట్టు వాడి గుప్పిట్లో వదిలేసి కిందికి జారిపోయింది.

ఆ దెబ్బ ఆమె ముఖం ఉండాల్సిన చోటు దాటి ఇనప వైసుకి తగిలింది. ఎండిన కొమ్మ విరిగిన చప్పుడు. అద్దం మంచుపొడిలా లేచి నేల మీద పడింది. మరిది మణికట్టు కొత్త దిక్కుకి వంగి ఉంది, తోలు కింద ఎముక తెల్లగా ఉబికి కనిపిస్తోంది. వాడు మోకాళ్ళ మీద కూలబడి ఊళ పెట్టాడు.

ఇస్త్రీ అక్క లేచి, ఆ విరిగిన చేతికి ఉన్న పట్టీ విప్పింది. మెల్లగా విప్పలేదు.

"పదవే, ఆసుపత్రికి" అన్నాడు వాడు పెళ్ళాంతో, ఏడుస్తూ.

తోటికోడలు వాడి చేతిని చూసింది. నుదుటి గాయం మీద వేలు పెట్టుకుంది.

"కాళ్ళు బాగానే ఉన్నాయిగా" అంది.

కాసేపటికి వాడు గోడ పట్టుకుని తనే వెళ్ళాడు. గడియారాల అన్న లేచి, ఛాతీకి తగిలిన దెబ్బను రుద్దుకుంటూ బల్ల దగ్గర కూర్చున్నాడు. గడియారం చేతిలోకి తీసుకున్నాడు. అద్దం లేదు, ముళ్ళు వంగాయి, లోపల మాత్రం టిక్కుటిక్కుమంటోంది.

"బాగవుతుందా అన్నా?" అని అడిగింది ఆమె.

ఆయన ఆమె కనుబొమ చూశాడు. "బాగుచెయ్యనమ్మా" అన్నాడు. "చాలాసార్లు చేశాను."

మూత విప్పాడు. ఒక్కొక్క మర తీసి పళ్ళెంలో వేస్తుంటే వర్షం మొదట్లో పడే చినుకుల్లా వినిపించింది. తోటికోడలు నీళ్ళు తెచ్చి అక్క ముఖం కడిగింది. చివరగా ఆయన, చెయ్యి ఊపినప్పుడల్లా గడియారానికి కీ ఇచ్చే అర్ధచంద్రపు బరువును ఊడదీసి బల్ల మీద పెట్టాడు. బయట లారీ పోతే బల్ల వణికింది. ఆ బరువు తనంతట తానే అటూ ఇటూ ఊగింది.

ఆమె దాని మీద వేలు పెట్టింది.