మూడుసార్లు పోయిన తల్లి

వీరరాఘవరావుకి యాభై ఎనిమిదేళ్ళు. అందులో పంతొమ్మిది దుబాయ్‌కే ఇచ్చేశాడు. సొంతూరు కాకినాడ. ఉండేది దుబాయ్‌లోని సత్వా పేటలో, నలుగురు పంచుకునే ఫ్లాట్‌లో, కిటికీ పక్క మంచం మీద. ఏం పని అని ఎవరైనా అడిగితే "కాలేజీ పని" అంటాడు కానీ కాలేజీ గడప తొక్కే పని కాదది. అమెరికాలోని చిన్నచిన్న కాలేజీలు తమ ఆన్‌లైన్ క్లాసుల హాజరు చూసే బాధ్యతని ఇక్కడి ఒక కంపెనీకి అప్పగించాయి. క్లాసుకి రాని పిల్లలు ఎందుకు రాలేదో రాసి పంపితే, అది నిజమో అబద్ధమో తేల్చేది రావుగారు. రోజుకి నూట ఇరవై కారణాలు. జ్వరాలు, ప్రమాదాలు, చావులు. ఇన్ని కష్టాలు చదివితే మనిషన్నవాడికి జాలి పుట్టాలి. ఆయనకి మెడనొప్పి పుట్టింది.

2024 అక్టోబరులో ఒకరోజు, డకోటా అనే ఆదివాసీ తెగవాళ్ళు తమ పిల్లల కోసం తమ నేల మీదే పెట్టుకున్న కాలేజీ నుంచి ఒక కాగితం వచ్చింది. రాసింది వినోనా అనే అమ్మాయి. నర్సింగ్ చదువుతోంది. "అమ్మ పోయింది, నాలుగు రోజులు రాలేను" అని ఒకే ఒక్క వాక్యం. రావుగారు పాతవి తీసి చూశాడు. ఫిబ్రవరిలోనూ అమ్మే పోయింది, జూన్‌లోనూ అమ్మే పోయింది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలమ్మా" అని గొణుక్కుని, అబద్ధం అని నొక్కేశాడు. దాంతో ఆమె సెలవులు హద్దు దాటాయి. కంప్యూటర్‌కి దయా దాక్షిణ్యం ఉండవు కదా, ఆ నిమిషమే ఆ పిల్ల పేరు క్లాసులోంచి తీసేసింది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి ఆ కాలేజీ రిజిస్ట్రారు లొరెయిన్ వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున్న తొమ్మిది. డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్లటి జడ భుజం మీద నుంచి ముందుకు వేసుకుంది. కోప్పడితే బాగుండును, ఆయనకి అది అలవాటే. ఆవిడ కోప్పడలేదు.

"మిస్టర్ రావ్, ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. ఫిబ్రవరిలో పోయింది కన్నతల్లి. జూన్‌లో ఆవిడ అక్క. ఇప్పుడు చెల్లెలు. తల్లి తోబుట్టువులు మాకు అమ్మలే. మనిషి పోతే నాలుగు రోజులు అన్నీ ఆపుకుంటాం, చదువు కూడా. మా కాలేజీ నడిచేదే ఆ పద్ధతి మీద. మీకు పంపిన పుస్తకం మొదటి పేజీలోనే ఉంది."

ఆ పుస్తకం శిక్షణలో ఇచ్చారు. అరవై పేజీలు. రావుగారు తెరవకుండానే 'చదివాను' అని టిక్కు పెట్టాడు. అది అందరూ చేసే పనే, కానీ అందరి టిక్కులకీ ఒక పిల్ల చదువు ఆగిపోదు.

చదవకపోవడం ఒక తప్పయితే, చదవకపోయినా తెలిసి ఉండాల్సిన మనిషి తను కావడం అంతకన్నా పెద్ద తప్పు. రావుగారికి మూడో ఏట తల్లి పోయింది. పెంచింది పిన్ని. అన్నం పెట్టిందీ, పలక కొనిచ్చిందీ, అబద్ధం చెబితే తొడపాశం పెట్టిందీ ఆవిడే. 2021 మే నెలలో కరోనాతో కాకినాడ ఆసుపత్రిలో పోయింది. సెలవు కాగితంలో బంధుత్వం అన్నచోట ఆయనే స్వయంగా 'ఆంటీ' అని రాశాడు. ఆంటీకి సెలవు లేదని జవాబొచ్చింది. ఆ రోజు కూడా నూట ఇరవై కారణాలూ పూర్తి చేసి బస్సెక్కాడు. గదిలో ఎవరికీ చెప్పలేదు. ఆంటీ పోయిందని ఏడిస్తే ఎవరు ఓదారుస్తారు?

రావుగారు లేచి తన పై అధికారి శశాంక్ దగ్గరికి వెళ్ళాడు. ముప్పై దాటని హైదరాబాద్ కుర్రాడు, చెడ్డవాడేం కాదు.

"రావుగారూ, మీరు కొట్టేసింది మీరే తప్పంటే ఎర్రర్ మీ పేరు మీదే పడ్తది. ఇప్పటికే రెండున్నయ్. మూడోది పడితే ముదీర్, అదే మన మేనేజరు, మీ వీసా రెన్యూ చెయ్యనియ్యడు. ఆ అమ్మాయి మళ్ళీ చేరుతది లెండి. ఖలాస్ అనుకోండి."

"ఆ పిల్లకి ఇదే ఆఖరి సెమిస్టరటండీ."

"మీ సంగతి ఆలోచించుకోండి సర్."

"పంతొమ్మిదేళ్ళుగా అదే ఆలోచిస్తున్నానండీ. విసుగొచ్చింది."

వెనక్కొచ్చి 'తప్పు నాది' అని టైపు చేశాడు. వినోనా పేరు మళ్ళీ క్లాసులోకి ఎక్కింది, ఆయన పేరు మీద మూడో ఎర్రర్ ఎక్కింది. ఆ మాట చెబుదామని లొరెయిన్‌కి ఫోన్ చేశాడు.

"మా దగ్గరా తల్లి తోబుట్టువులు అమ్మలేనండీ. నేను మర్చిపోయాను" అన్నాడు.

"మీకెంతమంది అమ్మలు?"

"ఇద్దరు. రెండో ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది."

"మీరు ఎన్ని రోజులు ఆగారు?"

"ఆగలేదండీ."

లొరెయిన్ ఆ రెండో అమ్మ పేరడిగింది. బాలత్రిపురసుందరి అని చెప్పాడు. ఈ మూడేళ్ళలో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు. ఆవిడ దాన్ని ముక్కలు ముక్కలుగా, పొల్లుపోకుండా తిరిగి పలికింది.

మర్నాడు పొద్దున్న శశాంక్ బల్ల మీద ఒక కాగితం ఉంది. 'అమ్మ పోయింది. నాలుగు రోజులు రాలేను.'

శశాంక్ ఫైలు తిరగేసి తల గోక్కున్నాడు. "రావుగారూ, మీ అమ్మగారు మీ చిన్నప్పుడే పోయినట్టు రాసుంది కదా."

"ఆవిడ మొదటి ఆవిడండీ."

"మరి ఈమె ఎప్పుడు పోయింది?"

"ఇరవై ఒకటి, మే నెల్లో."

శశాంక్ ఇంకేదో అడగబోయేలోపే ఆయన సంచీ తీసుకుని లిఫ్ట్ ఎక్కాడు. తలుపు మూసుకోగానే ఏడుపొచ్చింది. కిందికి చేరేసరికి కూడా ఆగకపోవడంతో, ఎవరూ చూడకుండా ఇంకాసేపు ఏడవడానికి మళ్ళీ పై అంతస్తుకి నొక్కాడు.